సమాధానం: రిజిస్ట్రేషన్ ఉన్నా ఇంటి పర్మిషన్ ఎందుకు ఆగింది?

హైదరాబాద్ శివార్లలో 2012లో పంచాయతీ లేఅవుట్‌లో 200 గజాలు కొన్నాను, రిజిస్ట్రేషన్ కూడా అయింది, మరి పర్మిషన్ ఎందుకివ్వరు అని అడిగారు కదండీ. రిజిస్ట్రేషన్‌తో వచ్చింది యాజమాన్యం మాత్రమే. ఇంటి పర్మిషన్ రావాలంటే లేఅవుట్‌ను హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) గానీ డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక విభాగం) గానీ ఆమోదించి ఉండాలి, సర్పంచ్ ముద్ర చాలదు.

2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే ఆమోదం లేని లేఅవుట్లలోని ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే ప్రభుత్వ పథకానికి, అప్లై చేశారా? చేసుంటే ఆ నంబరుతో స్టేటస్ చూడండి. ఫీజులో ప్లాటు విలువపై 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ కనబడితే కంగారు పడకండి, అది లేఅవుట్‌లో పార్కుకు స్థలం వదలనందుకు. రియల్టర్ మింగిన పార్కుకు మనం కట్టాలన్నమాట!

డబ్బు కట్టేముందు మాత్రం మీ సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) గానీ, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) గానీ ఉందేమో తప్పకుండా చూసుకోండి. ఎఫ్‌టీఎల్‌లో ఉంటే ఎంత కట్టినా రెగ్యులరైజ్ కాదు.