నీళ్ళ మీదికి వెళ్తూ పచ్చలైటు చూసి మురిసిపోకూడదు

"విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ అంటున్నారు కదా, నీళ్ళ మీదా రన్‌వే మీదా దిగే ఆ విమానాన్ని ఎలా దించాలో పైలట్ ఏ క్షణంలో నిర్ణయిస్తాడు?" అని అడిగారు. ఏ క్షణంలోనూ కాదండీ. దించే క్షణంలో ఆలోచిస్తున్నాడంటే ఆ పైలట్ పని అప్పటికే చెడిందన్నమాట. ఈ మాట ఎత్తగానే అందరూ 2009లో హడ్సన్ నదిలో దించిన ఎయిర్‌బస్ సంగతి తెస్తారు. రెండు ఇంజన్లూ పోయి, గత్యంతరం లేక దించింది అది. దానికీ దీనికీ పోలికే లేదు.

నేను బెంగళూరులో ఉంటాను, ఏటీఆర్ అనే చిన్న ప్రయాణికుల విమానం నడుపుతాను. సరదా కొద్దీ, కొంచెం మాల్దీవుల ఉద్యోగాల మీద ఆశ కొద్దీ, సీప్లేన్ నడిపే అర్హత (రేటింగ్) కోసం ఫ్లోరిడా వెళ్ళాను. నాతో పాటు మారతహళ్ళిలో మా వీధిలోనే ఉండే తెనాలి అన్న కూడా వచ్చాడు. ఎయిర్‌బస్ కెప్టెన్, వేల గంటల అనుభవం, చేతులు కళ్ళు మూసుకుని కూడా పని చేస్తాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మేం నేర్చుకున్న చిన్న సెస్నా విమానానికి అడుగున పడవల్లాంటి రెండు ఫ్లోట్లు, వాటిలోంచి దిగే చక్రాలు నాలుగు. చక్రాలు కిందికి ఉంటే పచ్చలైట్లు, పైకి ఉంటే నీలం లైట్లు. రన్‌వే అయితే పచ్చ, నీళ్ళయితే నీలం, అంతే లెక్క. ఆ రోజు రన్‌వే మీంచి లేచాం. గురువు ముసలాయన, మహా గడుసువాడు. చక్రాలు పైకి తీయాల్సిన సమయానికి సరిగ్గా అన్నని ఇండియా కబుర్లలో దింపాడు, జీతాలెంత, డ్యూటీలెలా వేస్తారు అని. "చక్రాలు పైన ఉన్నాయి, నీళ్ళ మీదికి సరే" అని చెప్పే పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని ముందే ఆపేశాడు. చెరువు ఎదురుగా వచ్చింది. అన్న ఠీవిగా, "గేర్ డౌన్, గ్రీన్స్" అన్నాడు. వెనక సీట్లోంచి మెడ చాచి చూస్తే నాలుగూ పచ్చగా వెలుగుతున్నాయి. నేను కంగారుగా "అన్నా, పచ్చ!" అన్నాను. అన్న వెనక్కి కూడా చూడకుండా, "ఆఁ, పచ్చే కదరా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

దాదాపు మూడొందల అడుగుల ఎత్తులో గురువు తాపీగా అడిగాడు, "కెప్టెన్, ముందు కనిపిస్తున్నదేమిటి?" అని. "చెరువు." "మరి చక్రాలెక్కడున్నాయి?" అన్న చెయ్యి ఒక్క ఉదుటున పవర్ మీదికి పోయింది. పైకి లేచి ఒక చుట్టు తిరిగేదాకా ఎవరం మాట్లాడలేదు.

చక్రాలు మూసుకుని రన్‌వే మీద దిగితే ఫ్లోట్ల అడుగు గీసుకుపోతుంది, చాలాసార్లు మనుషులు దిగి నడిచి వెళ్ళిపోతారు. చక్రాలు కిందికి పెట్టి నీళ్ళలో దిగితే మాత్రం అవి నీళ్ళని పట్టేసుకుంటాయి, విమానం ముక్కు మీదికి పల్టీ కొడుతుంది, మీరు తలకిందులుగా బెల్టుకి వేలాడుతూ నీళ్ళలో తలుపు గడియ వెతుక్కోవాలి. అందుకే "ఇది నీళ్ళు, చక్రాలు పైన" అని పైకి అనాలి, ఒకటికి రెండుసార్లు, రెక్క కింద బిగించిన అద్దంలో చక్రాలను కళ్ళారా చూసి మరీ అనాలి. నన్నడిగితే ఈ విషయంలో కొత్త కుర్రాళ్ళ కంటే పెద్ద విమానాల కెప్టెన్లే ప్రమాదం, ఎప్పుడూ చక్రాలు దించి పచ్చ చూసి దిగే అలవాటు వాళ్ళది. ఇది మా అన్న ముందు కూడా అంటాను, తిడతాడు, అయినా అంటాను.

మిగతా నిర్ణయాలు పైన చుట్టు తిరుగుతూనే అయిపోతాయి. గాలి ఎటు అని నీళ్ళే చెబుతాయి. ఒడ్డు వెంబడి అలలు లేని పట్టీ కనిపిస్తే గాలి ఆ ఒడ్డు వైపు నుంచి వస్తోందని అర్థం. లంగరేసిన పడవలు గాలికి ఎదురు తిరిగి ఉంటాయి. తర్వాత వలలు, దుంగలు, తీగలు చూసుకోవాలి. ఇంకోటి, దిగడానికి చాలినంత చోటు మళ్ళీ లేవడానికి చాలదు, ముందు బయటపడే దారి చూసుకునే దిగాలి. నీళ్ళు ప్రశాంతంగా ఉంటే సులువు అనుకుంటారు గానీ అదే అన్నిటికన్నా కష్టం. అలల్లేని నీళ్ళలో ఆకాశమే కనిపిస్తుంది, ఇంకెన్ని అడుగులుందో కంటికి అందదు. అలాంటప్పుడు ఒడ్డుకి దగ్గరగా ఉంటూ, ముక్కు కొంచెం ఎత్తి, పవర్ ఉంచి, నిమిషానికి నూట యాభై అడుగుల చొప్పున దిగుతూ నీళ్ళు తగిలేదాకా ఓపిక పట్టడమే.

అన్నట్టు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు మరమ్మతు చేసే క్యాటలీనాలు, అంటే నీళ్ళ మీద దిగే విమానాలు, మా బెళ్లందూరు చెరువులో దిగేవి. తర్వాతి కాలంలో అక్కడ గుర్రపుడెక్క, నురగ, అప్పుడప్పుడు మంటలు కూడా చూశాం. విమానం మాట దేవుడెరుగు, ఆ చెరువు పక్క రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి స్కూటర్ దూర్చడమే గగనం.

ఇక మీ శ్రీశైలం. 2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ అనే చిన్న రెండింజన్ల విమానంతో డెమో చేశారు, బాగానే దిగింది. కానీ అది వానలు పోయిన కొత్తలో. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు, వేసవి వచ్చేసరికి బాగా దిగిపోతుంది. అంటే మీ రన్‌వే ఎత్తే మారిపోయింది, ఎత్తు చూపించే మీటరుని నమ్మి లాభం లేదు, నవంబరులో మునిగి ఉన్న రాళ్ళు మేలో ఎక్కడ తేలతాయో. ఎండాకాలంలో సర్వీసు నడుపుతామంటే, ఆ రోజు మట్టమెంత, దిగే దారిని మళ్ళీ కొలిచారా లేదా అని అడగండి. ఆ రెండూ చెప్పేదాకా నేనైతే ఎక్కను.