పదమూడేళ్ళు దాటిన పిల్లాడికి ఇంట్లో చదువు: విజయనగరం అమ్మలుకి ఉత్తరం

శ్రీకాకుళం

చి.ల.సౌ. అమ్మలుకి,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. ఎనిమిదో తరగతి అవగానే బాబుని బడి మాన్పించి ఇంటి దగ్గరే చదివిద్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు రాసిందీ చదివాను. "నాకే లెక్కలు రావు పెద్దమ్మా, వాడికి త్రికోణమితి ఏం చెప్తాను" అన్నావు. చెప్పకు. ఇద్దరు పిల్లల్ని ఇంటి దగ్గరే ఇంటర్ దాటించినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఈ వయసులో తల్లి టీచరు కాకూడదు. పాఠం దగ్గర మొదలైన గొడవ అన్నం దగ్గరకీ వస్తుంది. నువ్వు చూసుకోవాల్సినవి రెండే, కాయితాలూ మనుషులూ. చదువు వాడిది.

కాయితాల సంగతి ముందు. బడి నుంచి టీసీ, మార్కుల కాయితం ఇప్పుడే తెచ్చుకో. మళ్ళీ చూద్దాంలే అని వదిలేస్తే హెడ్మాస్టరు మారిపోతారు, ఆ తర్వాత తిరగలేక చస్తావు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది కాబట్టి, బడి మానేసిన పిల్లల లెక్క అంటూ ఎవరో ఒకరు తలుపు తడతారు. టెన్షన్ పడకు. వాడి నోటు పుస్తకాలు చూపించు, ఓపెన్ స్కూల్లో పది రాయిస్తామని నెమ్మదిగా చెప్పు.

పదో తరగతికి రెండు దారులున్నాయి. ఒకటి కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్ అంటారు, రెండోది మన రాష్ట్రం ఓపెన్ స్కూల్. రెండూ ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాసేవే. 14 ఏళ్ళు నిండితేనే తీసుకుంటారు, అంటే మీవాడికి ఇంకా టైముంది. నేను ఎన్‌ఐఓఎస్ వైపే మొగ్గుతాను. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు పెడతారు, ఏప్రిల్-మేలోనూ అక్టోబరు-నవంబరులోనూ. కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, వాటిలో ఒక భాష తప్పదు. ఒకసారి చేరితే ఐదేళ్ళు చెల్లుతుంది, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. తెలుగూ సోషలూ ముందు కానిచ్చేసి, లెక్కలూ సైన్సూ తర్వాతి విడతలో రాసుకోవచ్చు. పుస్తకాలు వాళ్ళ వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి. ఇంటి దగ్గర రాసిచ్చే అసైన్‌మెంట్లకి 20 శాతం మార్కులుంటాయి. చాలామంది వాటిని ఆఖరి రోజున ఎవరివో చూసి ఎక్కించేస్తారు. మీవాణ్ణి అలా చెయ్యనివ్వకు.

లెక్కలు తీసుకోకుండా కూడా అక్కడ పది పాసవ్వొచ్చు. ఆ సంగతి వాడు కనిపెట్టి తీరతాడు, నువ్వు మాత్రం ఒప్పుకోకు. పద్దెనిమిదేళ్ళకి తనకేం కావాలనిపిస్తుందో ఇప్పుడే వాడికేం తెలుసు? సైన్సుకి ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్లో చెయ్యాలి, థియరీ వేరు, ప్రాక్టికల్స్ వేరుగా పాసవ్వాలి. అందుకే చేరేముందు ల్యాబ్ చూపించమని అడుగు. బీకర్ల మీద దుమ్ము చూస్తే అక్కడ ఏపాటి చదువు జరుగుతోందో తెలిసిపోతుంది. 'పాస్ గ్యారంటీ' అనేవాళ్ళ గుమ్మం తొక్కకు.

పది పాసయ్యాక ఇంటర్ పూర్తవ్వడానికి అక్కడా రెండేళ్ళు పట్టాల్సిందే, తొందరపడి లాభం లేదు. జేఈఈ మెయిన్ రాయాలంటే ఎన్‌ఐఓఎస్ ఇంటర్లో కనీసం ఐదు సబ్జెక్టులుండాలి.

ఇంకోటుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. మన దగ్గర ఇంజినీరింగ్ సీట్లలో లోకలా కాదా అన్నది స్టడీ సర్టిఫికెట్లు చూసి తేలుస్తారు. బడికి వెళ్ళనివాడికి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? ప్రైవేటుగా చదివినవాళ్ళు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపించాలి. ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అన్నిట్లోనూ అడ్రసు ఒకటే ఉండేలా ఇప్పుడే సరిచేయించు. మీ ఆయన ఉద్యోగం బదిలీలదైతే ఇది మరీ ముఖ్యం.

ఇక మనుషులు. మా చిన్నదాన్ని ఆ వయసులో పొందూరు తీసుకెళ్ళాను. ఓ మామ్మగారు వాలుగ చేప దవడ ముక్కతో పత్తి దువ్వుతున్నారు. ఆ సన్నటి పళ్ళ గుండా పీచు వెంట్రుకల్లా సర్దుకుంటూ వస్తోంది. ఇది పక్కన కూలబడి, "వంద కౌంటు అంటే ఏంటి మామ్మా?" అంది. "సన్నం" అన్నారావిడ, అంతే. ఇంటికొచ్చి అదే వెతుక్కుంది. ఒక పౌను బరువుకి 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని తూగితే అది అన్ని కౌంట్ల నూలు. వంద కౌంటు అంటే 84,000 గజాలన్నమాట, దగ్గర దగ్గర 77 కిలోమీటర్లు. "అరకిలో కూడా లేని నూలు మనూరి నుంచి విజయనగరం దాకా పరిచినా మిగులుతుందమ్మా" అని రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. గజాలని మీటర్లు చెయ్యడం నేను నేర్పలేదు.

మీకూ అక్కడ తక్కువేం లేదు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస చెక్కని తొలిచి వీణలు చేస్తారు. ధ్వని పాఠం పుస్తకంలో రాకముందే వాడు అక్కడ ఓ పూట కూర్చోవాలి. మీ ఊళ్ళో మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. వాడికి పాట మీద కాక కండల మీద మోజుంటే, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ పిల్లలున్నారు. ఏదైనా సరే, ఒకసారి చూసొచ్చి ఫొటోలు పెట్టుకునే వ్యవహారం కాకూడదు. వారం వారం వెళ్ళాలి, అక్కడ నువ్వు కాని ఇంకో పెద్దమనిషి వాణ్ణి కసురుకోవాలి. లెక్కలకి కూడా అంతే, రిటైరైన మాస్టారు ఒకర్ని చూడు. ఊరికి ఒకరైనా ఉంటారు, చెప్పించుకునేవాళ్ళే కరువు.

టైంటేబులు వాణ్ణే రాసుకోమను, నువ్వు ఆదివారం ఒక్కసారి చూడు. ఫోను రాత్రి హాల్లో పెట్టేయాలి, మీ ఇద్దరివీ కూడా.

సాయంత్రం బడి పిల్లలు సైకిళ్ళ మీద పోతుంటే వాడు గేటు దగ్గర నిలబడి చూసే రోజులొస్తాయి. దానికి ఆటా, ఆ ఆటలో దోస్తులూ తప్ప మందు లేదు. అయినా సరే, బడికే వెళ్తానంటే చేర్పించెయ్యి. టీసీ తెచ్చుకోమన్నది అందుక్కూడా. "గుంటడ్ని ఇంట్లో కూకోబెట్టేసినారేటి" అని మీ అత్తగారి తరఫువాళ్ళు అంటూనే ఉంటారు. మీ అత్తగారికి వాణ్ణి రోజూ ఓ పేజీ చదివి వినిపించమను, వారం తిరక్కుండా ఆవిడే నీ పక్కకొచ్చేస్తారు.

ఈ నెలలో టీసీ పని తేల్చుకో. వేసవికి వాణ్ణి నా దగ్గరకి పంపు, ఇక్కడి కథానిలయంలో తెలుగు కథలన్నీ పోగుచేసి పెట్టారు, చూపిస్తాను. తిరుగు ప్రయాణంలో ఒంటరిగా ఆముదాలవలసలో రైలెక్కిస్తా, నువ్వు స్టేషన్‌కి రాకు, ఇంటికి వాడే వస్తాడు.

మీ పెద్దమ్మ