లేజర్ పేలుడుతో రేకుకు రూపం

ప్రశ్న: కడపలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో లేజర్ యంత్రం ఇనుప రేకును కరిగించి కోయడం చూశాను. లేజర్‌ను నీటి గుండా పంపి, అతిపలుచని రాగి రేకును కాలకుండా అచ్చులోకి దింపవచ్చని మా అధ్యాపకులు చెప్పారు. కాంతికి అంత బలం ఎక్కడిది? నీళ్లెందుకు? ఆ షాపులోని యంత్రంతో ఈ పని చేయవచ్చా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: రేకును అచ్చులోకి నెట్టేది కాంతి పుట్టించిన పేలుడు. ఈ పద్ధతిలో లేజర్ వెలిగేది సుమారు 10 నానోసెకన్లు, అంటే సెకనులో పది కోట్లవ వంతు మాత్రమే. ఒక జౌల్ శక్తి చాలా స్వల్పమే అయినా, అంత తక్కువ వ్యవధిలో వెలువడితే దాని సామర్థ్యం 10 కోట్ల వాట్లు అవుతుంది. దానిని ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న చోట కేంద్రీకరిస్తారు.

అడుగున అచ్చు, దానిపై బిగించిన కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం గల రేకు, రేకుపై నల్లరంగు లేదా గ్రాఫైట్ పూత, ఆ పైన పలుచని నీటిపొర లేదా గాజు పలక ఉంటాయి. నీటిని దాటి వచ్చిన కాంతిని పూత పీల్చుకొని, క్షణంలో ఆవిరై ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం గల అతివేడి వాయువుగా మారుతుంది. వేడిని పూతే భరిస్తుంది. పైగా 10 నానోసెకన్లలో రాగిలోకి వేడి ఒకటి రెండు మైక్రాన్లకు మించి పాకలేదు కాబట్టి రేకు కాలదు.

ఇక నీటి సంగతి. మీ ఊరి చుట్టుపక్కల సున్నపురాతి గనుల్లో, రంధ్రంలో పేలుడు మందు నింపాక దాని నోటిని మట్టితో దట్టించకపోతే మందు బలమంతా పైకి తన్నిపోతుంది, బండ సరిగా పగలదు. ఇక్కడ నీరు ఆ మట్టి పనే చేస్తుంది. ప్లాస్మాను పారదర్శకమైన పొరతో ఇలా అదిమిపెడితే పీడనం ఎన్నో రెట్లు పెరుగుతుందని 1970లో అమెరికాలో ఆండర్‌హోమ్ అనే పరిశోధకుడు చూపించాడు. అది కొన్ని గిగాపాస్కల్‌లకు చేరుతుంది. ఒక గిగాపాస్కల్ అంటేనే దాదాపు 10 వేల వాతావరణ పీడనాలు. అలాగని లేజర్ తీవ్రతను ఇష్టం వచ్చినట్లు పెంచలేము, ఒక హద్దు దాటితే నీరే ప్లాస్మాగా మారి కాంతిని మధ్యలోనే మింగేస్తుంది.

ఈ పీడనం రేకులో పుట్టించే ఆఘాత తరంగం (షాక్ వేవ్) రేకును దాటడానికి కొన్ని నానోసెకన్లు చాలు. లేజర్ పల్స్, అంటే ఆ క్షణకాలపు వెలుగు, ఆరిపోయాక కూడా, అందుకున్న వేగంతోనే రేకు అచ్చు అడుగుకు దూసుకుపోతుంది. మామూలు పద్ధతిలో రేకును పైనుంచి నొక్కే పంచ్‌ను, కింద ఉండే డైని (అచ్చును) సూక్ష్మస్థాయిలో ఒకదానికొకటి సరిగ్గా కుదర్చడం మహా కష్టం. ఇక్కడ పంచ్ అవసరమే లేదు, అచ్చు ఒక్కటి చాలు. వంచిన రేకు తిరిగి వెనక్కి లేచే గుణం కూడా తగ్గుతుంది. అయితే అచ్చులో గాలి చిక్కుకుంటే రేకు అడుగును చేరదు, అందుకని ముందే గాలిని తోడేస్తారు. దెబ్బ ఎక్కువైతే రేకు అచ్చు అంచు దగ్గర చిరుగుతుంది, లేదా అడుగుకు తగిలి ఎగిరి రూపం చెడుతుంది. వీటన్నిటికంటే విసుగు పుట్టించేది పూతే అని నా అభిప్రాయం: కాలిపోయిన చోట మళ్లీ పూయాలి, వేగంగా ఉత్పత్తి చేయదలిస్తే అదే అడ్డు తగులుతుంది.

షాపులోని కోత యంత్రం ఇందుకు పనికిరాదు. అది కొన్ని కిలోవాట్లతో ఎడతెగకుండా వెలుగుతూ లోహాన్ని కరిగించడానికి తయారైనది. మీకు కావలసింది నానోసెకన్ల పల్స్‌లు ఇచ్చే ఎన్‌డీ-యాగ్ (నియోడైమియం కలిపిన స్ఫటికంతో పనిచేసేది) వంటి లేజర్. దాని 1064 నానోమీటర్ల కిరణం కంటికి కనబడదు కనుక, ప్రయోగశాలలో ఆ తరంగదైర్ఘ్యానికే తయారుచేసిన కళ్లద్దాలు లేకుండా దాని దరికి వెళ్లకండి.