బార్బరా గోర్డన్ దగ్గర ఏం నేర్చుకోవాలి: ఒక యువ రచయిత్రికి లేఖ

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కామిక్ స్క్రిప్టు చదివాను. నాలుగో పేజీలో దుకాణం షట్టర్ దించుతున్న తండ్రిని హీరోయిన్ కళ్ల ముందే పొడిచి చంపారు. ఆరో పేజీకల్లా ఆమె ముసుగు కట్టుకుని పగ తీర్చుకోవడానికి బయల్దేరింది. మధ్యలో ఐదో పేజీ మీద "ఏడాది తర్వాత" అని రాసి వదిలేశావు. మానసిక గాయం గురించి రాయాలన్నదే నీ కోరికైతే, నువ్వు వదిలేసిన ఆ ఏడాదిలోనే నీ కథంతా ఉంది.

ఈ దారి వేసినవాడు అమెరికా కామిక్ వీరుడు బ్యాట్‌మన్. 1939లో పుట్టాడు. అదే ఏడాది నవంబరు సంచికలో రెండే రెండు పేజీల్లో తల్లిదండ్రుల హత్య, పిల్లాడి శపథం, సాధన, గబ్బిలం వేషం అన్నీ అయిపోయాయి. కథ ఎలా పరిగెత్తించాలో ఆ రెండు పేజీలు చూసి నేర్చుకోవచ్చు. గాయం ఎలా మానుతుందో తెలుసుకోవాలంటే మాత్రం అదే గోథమ్ నగరంలో ఉండే బార్బరా గోర్డన్ దగ్గరికి వెళ్లు.

బార్బరా పోలీసు కమిషనర్ కూతురు, లైబ్రేరియన్, ఒకప్పుడు బ్యాట్‌మన్ లాగే ముసుగు వేసుకుని తిరిగిన బ్యాట్‌గర్ల్. 1988లో వచ్చిన 'ద కిల్లింగ్ జోక్' అనే కామిక్‌లో తలుపు చప్పుడైతే స్నేహితురాలు వచ్చిందనుకుని తీస్తుంది. గుమ్మంలో బ్యాట్‌మన్ శత్రువు జోకర్. మెడలో కెమెరా, చేతిలో తుపాకీ. తూటా వెన్నెముకలోంచి దూసుకుపోయి కాళ్లు చచ్చుబడతాయి. నిజానికి జోకర్‌కి ఆమెతో పనేమీ లేదు. ఒక్క చెడ్డ రోజు చాలు, ఎవరికైనా మతి పోతుందని నిరూపించడానికి, నేల మీద పడి ఉన్న ఆమె ఫొటోలు తీసి తండ్రికి చూపించాలి, అంతే. ఆసుపత్రి మంచం మీద ఒక్కసారి కనిపించాక కథ ఆమెను అక్కడే వదిలేసి మగవాళ్ల వెంట వెళ్లిపోతుంది. హీరోకి కోపం తెప్పించడానికి ఆడపాత్రల్ని ఇలా వాడుకుని పారేస్తున్నారని, తర్వాత కామిక్స్ రచయిత్రి అయిన గెయిల్ సిమోన్ 1999లో ఒక పెద్ద జాబితా తయారుచేసింది. అందులో బార్బరా పేరూ ఉంది. నీ కథలో తండ్రికి పేరైనా లేదు, చూసుకో. ఆయన చచ్చిపోవడానికే పుట్టాడు.

కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే రచయితల జంటకు ఇది నచ్చలేదు. 1989లో బార్బరాను ఒరాకిల్ అనే కొత్త పేరుతో మళ్లీ తెచ్చారు. ఎవరికీ కనిపించకుండా కంప్యూటర్ల ముందు కూర్చుని వీరులందరికీ సమాచారం అందించే మనిషి. ఆ పేరు వెనకున్నది బార్బరా అని తర్వాతే బయటపెట్టారు. మధ్యలో ఏం జరిగిందన్నది 1996లో ఒక చిన్న కథగా రాశారు. నువ్వు పెన్సిల్ పట్టుకుని చదవాల్సింది అదీ.

కోలుకోవడానికి మూడు దశలుంటాయని మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో చెప్పింది. మొదట భద్రత, తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో కలవడం. ఇవి వరుసగా ఎక్కేసే మెట్లు కావు, ముందుకీ వెనక్కీ పోతూ ఉంటాయి. బార్బరా కథను వీటితో పక్కపక్కన పెట్టి చూడు. చక్రాల కుర్చీలోంచే కర్రసాము లాంటి ఎస్‌క్రిమా నేర్చుకుంటుంది. తన ఒంటి మీద తనకు మళ్లీ పట్టు రావడం, అదీ భద్రత అంటే. తనను కాల్చింది కేవలం తండ్రిని బాధపెట్టడానికేనన్న నిజం తూటా కంటే ఎక్కువ కోస్తుంది. ఆ కోపాన్ని మింగెయ్యకుండా బయటికి తెస్తుంది, అదీ దుఃఖం. ఇక పని. లైబ్రేరియన్‌గా వెతకడం, గుర్తుపెట్టుకోవడం ముందే తెలుసు కాబట్టి ఆ నేర్పుతోనే లోకంలోకి తిరిగొస్తుంది. గాయం ఆమెకు ఏ శక్తీ ఇవ్వలేదు. ఉన్న శక్తికి ఆమె వేరే దారి వెతుక్కుంది. ఈ తేడా నీ స్క్రిప్టులో లేదు.

2011లో కథను మళ్లీ మొదలుపెట్టి బార్బరాను నడిపించారు. రాసింది, ఆ జాబితా తయారుచేసిన గెయిల్ సిమోనే. ఒరాకిల్ పోయిందని చక్రాల కుర్చీలో ఉన్న పాఠకులు చాలా బాధపడ్డారు, వాళ్ల బాధ న్యాయమైనది. అయినా ఆ మొదటి సంచికలో ఒక ఘట్టం గొప్పది. దుర్మార్గుడు తుపాకీని సరిగ్గా ఆ పాత తూటా తగిలిన చోటికే గురిపెడతాడు. కాళ్లు బాగానే ఉన్నాయి, సాధన ఉంది, కానీ ఆమె కొయ్యబారిపోతుంది. 1996లో కాళ్లు రాలేదు, మనసు తేరుకుంది. 2011లో కాళ్లు వచ్చాయి, మనసు ఇంకా ఆ గుమ్మంలోనే ఉంది. ఒళ్లూ మనసూ ఒకే గడియారం ప్రకారం మానవని చెప్పడానికి ఈ రెండు కథల కంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

ఇప్పుడు నీ ఐదో పేజీ. పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన ఘటన తర్వాత మనసును వెంటాడే జబ్బు, 1980లో అమెరికా మనోవైద్యుల జబ్బుల జాబితాలోకి ఎక్కింది. 2013 నాటి జాబితా లక్షణాలను నాలుగు గుంపులు చేసింది: పిలవకుండా చొరబడే జ్ఞాపకాలు, తప్పించుకు తిరగడం, తన మీదా లోకం మీదా నమ్మకం చెడిపోవడం, ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం. నెల దాటి ఉంటేనే ఆ పేరు పెడతారు. చాలామంది అక్కడిదాకా పోకుండానే తేరుకుంటారు, అందుకని నీ కథలో తమ్ముడు తేరుకుని అక్క తేరుకోకపోయినా తప్పులేదు.

కొత్తవాళ్లు మొదటి గుంపునే రాస్తారు, బొమ్మ వెయ్యడానికి బావుంటుంది కాబట్టి. అది కూడా తప్పుగా వేస్తారు: జరిగిందంతా సినిమాలాగా మొదటి నుంచి చివరిదాకా తిరుగుతుంది. అసలైన జ్ఞాపకం ముక్కలుగా వస్తుంది, ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. నీ దగ్గర మంచి సరుకుంది, ఆ షట్టర్ చప్పుడు. ప్రతి బజారులోనూ రాత్రి తొమ్మిదిన్నరకు వినిపించేదే. ఆ చప్పుడుకి హీరోయిన్ చేతిలో టీ గ్లాసు గాల్లో ఆగిపోతుంది. తర్వాతి గడిలో తండ్రి చెప్పు ఒక్కటే. చుట్టూ గీత వద్దు, "అప్పుడు" అన్న మాట వద్దు. ఆ తర్వాతి గడిలో అదే గ్లాసు, టీ మీద మీగడ కట్టి ఉంటుంది. ఎంతసేపు పోయిందో పాఠకుడికి అర్థమవుతుంది.

తప్పించుకు తిరగడం బొమ్మకు లొంగదు, కానీ బతుకును ఎక్కువ తినేసేది అదే. ఆమె ఎనిమిదిన్నరకే ఇల్లు చేరడం మొదలుపెడుతుంది. ఆ బజారు రాకుండా చుట్టూ తిరిగి పోతుంది. స్నేహితురాలి పెళ్లికి వెళ్లదు. కారణం అడిగితే తలనొప్పి అంటుంది, అబద్ధమూ కాదు. మన ఇళ్లలో ఈ బాధ గుండెదడగా, నిద్రపట్టకపోవడంగా, ఒళ్లు బరువుగానే ముందు బయటపడుతుంది.

చికిత్స చూపించదలుచుకుంటే ఒక్క ఏడుపుతో తేల్చెయ్యకు. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేట్టు చేసే పద్ధతి సాధారణంగా 8 నుంచి 15 వారాలు సాగుతుంది, కూర్చున్నప్పుడల్లా గంటన్నర. మొదట్లో బాధ కాస్త పెరిగినట్టే ఉండొచ్చు, కొందరు మధ్యలోనే మానేస్తారు. నీ కథకు సహజమైన మలుపు అదే. ఘటన జరిగిన వెంటనే కూర్చోబెట్టి "అంతా చెప్పెయ్, తేలికవుతుంది" అని ఒత్తిడి చెయ్యడం మంచిది కాదని నిపుణుల మాట. నీ స్క్రిప్టులో డాక్టరు సరిగ్గా అదే చేస్తున్నాడు, మార్చు. హంతకుణ్ని "పిచ్చివాడు" చెయ్యడం కూడా తీసెయ్. మానసిక జబ్బున్నవాళ్లు ఇతరుల మీద చెయ్యి చేసుకోవడం కంటే, వాళ్లమీద ఇతరులు చెయ్యి చేసుకోవడమే ఎక్కువ.

ఇలాంటిది అనుభవించిన వాళ్లతో మాట్లాడాలనుకుంటే, ఆ రోజు ఏం జరిగిందని అడగకు. ఇప్పుడు పొద్దున్న లేచాక ఏం చేస్తారు, ఏ దారిలో వెళ్తారు, ఎవరింట్లో హాయిగా కూర్చోగలుగుతారు అని అడుగు. ఎక్కడ ఆపితే అక్కడ నువ్వూ ఆగు. రాస్తుంటే నీ పాత బాధ ఏదైనా కదిలి నిద్ర చెడితే స్క్రిప్టు పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు.