పాత మిలిటరీ జీపుకు రంగు: తమ్మీకి నాలుగు మాటలు

తమ్మీ,

డిస్పోజల్ జీపు చేతికొచ్చింది, ఇగ ఆలివ్ గ్రీన్ కొట్టించి హన్మకొండ చౌరస్తల తిప్పుడే అని నీ మనసుల ఉన్నది. ఆ డబ్బా ఇప్పుడే కొనకు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్ల 121వది చూడు, రక్షణ శాఖ బండ్లకు తప్ప వేరే ఏ బండికీ ఆ రంగు వెయ్యొద్దని రాసి ఉంటది. జర గోధుమ కలిపితే నడుస్తదని షాపోళ్లు చెప్తరు గాని, రోడ్డు మీద ఆపినాయన గా తేడా చూడడు. రోడ్డెక్కకుండ ప్రదర్శనకే పెట్టుకునే బండైనా ముందుగాల ఆర్టీఓ ఆఫీసుల కాయితం మీద అడుగు. తిరిగే బండికైతే ఇసుక రంగు మంచిది. రెండో ప్రపంచ యుద్ధంల మన 4వ ఇండియన్ డివిజన్ ఉత్తర ఆఫ్రికాల కొట్లాడింది. ఆ ఎడారిల బ్రిటిష్ బండ్లకు వేసిన రంగుల్ల లైట్ స్టోన్ 61 ఒకటి. ఏ రంగు వేసినా ఆర్సీల మార్పించు. పైకి చూసే బాణం గుర్తున్న నంబరు మిలిటరీది, దాన్ని నంబర్ ప్లేటు మీద రాయకు.

ఇంకోటి. సీజే-3బీ అనే జీపు 1953ల వచ్చిన మోడల్. దాని బానెట్ మీద 1944 నాటి అమెరికా తెల్ల నక్షత్రం గుర్తు వేస్తే తెలిసినోళ్లు నవ్వుతరు.

అసలు రంగు ఏందో షాపుల కాదు, బండి మీదనే దొరుకుతది. ఎండ తగలని జాగలు వెతుకు: డాష్‌బోర్డు వెనక, సీటు కింద, డేటా ప్లేటు (బండి వివరాలు చెక్కిన రేకు) తీస్తే దాని అడుగున, బానెట్ కబ్జాల సందుల. అక్కడ 400 నంబర్ వాటర్ పేపర్ తోటి రూపాయి బిళ్లంత జాగ గుండ్రంగ, నిదానంగ రుద్దు. పొర మీద పొర వలయాలు వలయాలుగ బయటపడ్తయి: పైన ఎవరో కొట్టించిన రంగు, దాని కింద డిపోల వేసింది, దాని కింద ఫ్యాక్టరీది, అడుగున ప్రైమర్. పాత రంగు ఎండకు సున్నం పట్టినట్టు తెల్లబడి ఉంటది, అందుకే నీళ్లు తడిపి చూడు. పాత ముక్కను మెషీన్‌కు చూపించి రంగు కలిపించినా దాన్నే నమ్మకు, మ్యాట్ (మెరుపు లేని) ముక్కను అది తరచుగ లేతగ చదువుతది. అట్ట మీద స్ప్రే గన్‌తోటి కొట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, బండి పక్కన ఎండల పెట్టి పోల్చు. ట్యూబ్‌లైటు కింద రంగు ఒప్పుకోకు.

ఎంత రంగు పడ్తదో లెక్క సులువు. డబ్బా మీదనో డేటా షీటుల్నో ఘన పదార్థం శాతం (బరువుది కాదు, వాల్యూమ్‌ది) ఉంటది. దాన్ని పదితోటి గుణించి, కావలసిన మందం మైక్రాన్లతోటి భాగిస్తే లీటరుకు ఎన్ని చదరపు మీటర్లో వస్తది. 45 శాతం రంగును 50 మైక్రాన్లు వేస్తే తొమ్మిది. గన్‌తోటి కొడితే మూడోవంతు గాలిల పోతది, ఆరు అనుకో. లోపల, బయట, ఛాసిస్ అన్నీ కొలిచి ఒక్కసారే కొను. రెండోసారి తెచ్చిన డబ్బా మొదటి దానితోటి కలువకపోవచ్చు.

పాత రంగుల సీసం ఉండొచ్చు. పొడిగ గ్రైండర్ పెట్టి దుమ్ము లేపకు, తడిపి రుద్దు, మాస్క్ పెట్టుకో. రుద్దే ముందే గ్రీజు కడగాలె, లేకుంటే ఆ జిడ్డు గీతల్లకు దిగి తర్వాత రంగు పెచ్చులూడ్తది. గాలి ప్రెషర్‌తోటి రేణువులు కొట్టి తుప్పు తీసే బ్లాస్టింగ్ ఛాసిస్‌కు మటుకే. పల్చటి బాడీ రేకు మీద గట్టిగ కొడితే రేకు సాగి అలలు తేల్తది, మళ్ల సాపు కాదు. మామూలు ఇసుకతోటి కొట్టనియ్యకు, ఆ దుమ్ము ఊపిరితిత్తులను తింటది. గార్నెట్ గాని కాపర్ స్లాగ్ గాని రేణువులు అడుగు.

ఇనుము తెల్లగ అయినంక పొద్దుమీకక ముందే ఎపాక్సీ ప్రైమర్ పడాలె. వానాకాలంల రాత్రి ఒక్కటి ఆగినా పసుపు తుప్పు లేస్తది. మన దగ్గర చానామంది రెడ్ ఆక్సైడ్ కొట్టి నెలలకు నెలలు ఆరుబయట పెడ్తరు. అది నీళ్లు పీలుస్తది. పైన మెరిసే రంగు వేసినంక ఆ నీళ్లే బొబ్బలైతయి. లప్పం ఎపాక్సీ మీదనే పెట్టు, మూడు మిల్లీమీటర్లు దాటనియ్యకు. చిన్న చిన్న సొట్టలు వదిలెయ్యి. మిలిటరీ జీపు అద్దం లెక్క ఉంటే అది పెళ్లి బండైతది.

పై రంగుకు, షెడ్డుల ఉండే బండైతే మ్యాట్ సింథటిక్ ఎనామిల్ చాలు. తిరిగే బండికైతే పీయూ (పాలీయూరిథేన్) రంగు పెట్టు. పీయూల కలిపి రంగును గట్టిపరిచే హార్డెనర్‌ల ఐసోసయనేట్ అనే విషపు రసాయనం ఉంటది. దానికి బట్ట మాస్క్ అక్కెరకు రాదు, బయటి గాలి అందే మాస్క్ ఉన్నోనికే గన్ ఇయ్యి. ఎనామిల్‌ల టర్పెంటైన్ కలుపు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) టిన్నర్ పోస్తే కింది పొర ముడతలు లేస్తది. మ్యాట్ రంగుల మెరుపు తగ్గించే పొడి అడుగుకు దిగుతది. కట్టెతోటి అడుగు గీరి కలపకుంటే సగం డబ్బా మెరుస్తది, సగం సుద్ద లెక్క వస్తది. మెరుపు తగ్గాలని పౌడరు గాని కిరోసిన్ గాని కలపకు.

గన్ నాజిల్ 1.4 మిల్లీమీటర్లు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం, ఒక గీత మీద సగం ఇంకో గీత. మ్యాట్‌ల తప్పు దాగదు. మందంగ పడ్డ జాగ మెరుస్తది, దూరం నుంచి పడ్డది తెల్లగ గరుకైతది, పాలిష్ చేసి సరిచేద్దామంటే అక్కడ మచ్చ తేల్తది. అందుకే ఒక డోరు మొదలుపెడితే అంచు దాకా ఆపకు. టచప్ కావాలంటే మొత్తం రేకు కొట్టాల్సిందే. కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ పొద్దుగాల వదులు.

వాతావరణం మాట మరిస్తే ఇదంతా దండుగ. మేల మధ్యాహ్నం రేకు చెయ్యి పెట్టనియ్యదు, రంగు తుంపర దారిలనే ఆరి పొడిగ పడ్తది. ఎండాకాలం పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది లోపల ముగించు. వానాకాలం కొట్టకుంటేనే నయం. చలికాలం మంచిదే గాని పొద్దుగాల రేకు చెమట పడ్తది. తడి బట్టతోటి ఒక జాగ తుడిచి చూడు, పావుగంటల ఆరకుంటే గన్ ముట్టకు. షెడ్డు ఏనుమాముల మార్కెట్ దిక్కుంటే పత్తి సీజన్ల దూది పింజలు పచ్చి రంగు మీద అంటుకుంటయి. పరదాలు కట్టి, నేల తడిపి మొదలుపెట్టు.

కొట్టినంక రెండు వారాలు షాంపూ, ప్రెషర్ వాషింగ్ వద్దు. మ్యాట్‌కు వ్యాక్స్ ఎన్నడూ వద్దు. మిగిలిన రంగును నిండా పట్టే చిన్న డబ్బాల పోసి, బ్యాచ్ నంబరు, టిన్నర్ పేరు, తారీకు మూత మీద రాసి పెట్టు. హార్డెనర్ డబ్బా తెరిస్తే గాలిల తడి పట్టి పాడైతది. దాన్ని దాచకు, టచప్ నాడు కొత్తది తెచ్చుకో.