పాత స్పోర్ట్స్ కారుకు కొత్త బ్రేక్ డిస్కులు: ఏవి వేయించుకోవాలి, పగిలితే ఎవరిని అడగాలి?

ప్రశ్న: నా దగ్గర 2008 నాటి పోర్షె బాక్‌స్టర్ ఉంది. నేను దానికి మూడో యజమానిని. 2023లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. నిరుడు ముందు చక్రాల బ్రేక్ డిస్కులు అరిగిపోతే, ఆన్‌లైన్‌లో విడిభాగాలు అమ్మే ఒక సంస్థ నుంచి రంధ్రాలూ గాడులూ ఉన్న డిస్కుల జతను 38 వేల రూపాయలకు కొని, మా మెకానిక్ చేత బిగింపించాను. నాలుగు నెలలకే బ్రేకు నొక్కితే పెడల్ అదరడం మొదలైంది. విప్పి చూస్తే ఒక డిస్కులో రంధ్రం నుంచి అంచు దాకా పగులు ఉంది. బ్రేక్ సామానుకు వారంటీ ఉండదనీ, పైగా నేను కారును రేస్ ట్రాక్ మీద నడిపాననీ అమ్మినవారు అంటున్నారు. ట్రాక్ మీద నడిపిన మాట నిజమే కానీ అది పాత డిస్కులతో. ఇప్పుడు కంపెనీవే కొనాలా, బయటివి కొనవచ్చా? ఇదే కారు ‘ఎస్’ మోడల్‌కు వచ్చే పెద్ద డిస్కులు వేయించమని మిత్రులు అంటున్నారు. అది నేరమవుతుందా? ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పగులు కంటపడిన తర్వాత ఆ డిస్కుతో కారును ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. ఇది మెకానిక్ చెప్పవలసిన మాట అనిపించవచ్చు కానీ మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 190 చెప్పేదీ ఇదే. తనకు తెలిసిన లోపంతో, లేదా మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసి ఉండేదైన లోపంతో, ప్రమాదకరమైన స్థితిలో ఉన్న వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపినవారికి 1,500 రూపాయల జరిమానా ఉంటుంది. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైనా, ఆస్తినష్టం కలిగినా మూడు నెలల దాకా జైలు శిక్ష గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. మీరు నాకు ఉత్తరం రాశారు, అమ్మినవారికి ఫొటో పంపారు. కాబట్టి ఇక మీదట ‘నాకు తెలియదు’ అనే మాట మీ నోట చెల్లదు.

ఇక డిస్కుల ఎంపిక సంగతి. కంపెనీవి కాని విడిభాగాలు వాడకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. సెక్షన్ 52 నిషేధించేది, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని. అదే సెక్షన్ వివరణలో, వాహన నిర్మాణంలో జరిగే మార్పు దాని మౌలిక లక్షణాన్ని మార్చివేస్తేనే దాన్ని ‘మార్పిడి’ అంటారని కూడా ఉంది. అరిగిన డిస్కు తీసి అదే వ్యాసం, అదే మందం, అదే బిగింపు కొలతలు ఉన్న మరో డిస్కు వేస్తే అది మరమ్మతు అవుతుందే తప్ప మార్పిడి కాదు. మీ బేస్ మోడల్‌కు ముందు డిస్కులు 298 మి.మీ. వ్యాసం, 24 మి.మీ. మందంతో వస్తాయి, అరిగి 22 మి.మీ.కు చేరితే మార్చవలసిందే. ఈ కొలతలు ఉన్న డిస్కు కంపెనీ పెట్టెలో వచ్చినా, పేరున్న మరో తయారీదారు పెట్టెలో వచ్చినా చట్టానికి తేడా లేదు. రంధ్రాలు మీ కారుకు ఫ్యాక్టరీ నుంచే ఉంటాయి కాబట్టి వాటికీ అభ్యంతరం ఉండదు. గాడులు అదనం. వాటి కోసం ఎవరూ మీ మీద కేసు పెట్టరు గానీ, అవి లేని డిస్కు కొంటే రేపు వాదన ఒకటి తగ్గుతుంది.

‘ఎస్’ మోడల్ డిస్కులు 318 మి.మీ. వ్యాసం, 28 మి.మీ. మందం. అవి మీ కాలిపర్లలో (ప్యాడ్లను డిస్కుకు అదిమి పట్టే భాగాల్లో) పట్టవు. అంటే డిస్కులతో పాటు కాలిపర్లు, ప్యాడ్లు కూడా మారాలి. ఇది మరమ్మతు దాటిపోయి బ్రేక్ వ్యవస్థనే మార్చడం అవుతుంది. బ్రేకుల వివరాలు ఆర్‌సీలో ఉండవు కాబట్టి సెక్షన్ 52 దీనికి వర్తించదని వాదించవచ్చు, ఆ వాదనలో బలం ఉంది కూడా. కానీ కేరళ నుంచి వెళ్లిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులో, తయారీదారు మొదట నిర్దేశించిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని గట్టిగా చెప్పింది. ఆ తీర్పును ఒక తనిఖీ అధికారి మీ కాలిపర్ల దాకా సాగదీస్తే ఆయనది పూర్తిగా తప్పని చెప్పలేను. అనుమతి లేని రెట్రోఫిట్టింగ్‌కు, అంటే తర్వాత వేరే భాగాలు బిగించి వాహనాన్ని మార్చడానికి, సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. 2028లో మీ రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్‌కు వస్తుంది, అప్పుడు బండిని తనిఖీకి చూపించాలి. పైగా ముందు బ్రేకులు మాత్రమే పెంచి వెనకవి పాతవే ఉంచితే, ప్రమాదం జరిగిన రోజున ఎదుటి పక్షం లాయరు మొదట పట్టుకునే పాయింటు అదే. ఈ పని వద్దనే నా సలహా. మిత్రుల ఉబలాటానికి జరిమానా మీరు కట్టాలి కదా!

ఇన్సూరెన్స్ విషయంలో రెండు భాగాలను విడదీసి చూడాలి. మూడో వ్యక్తికి జరిగిన నష్టం విషయంలో బీమా కంపెనీ తప్పించుకోవడానికి సెక్షన్ 150 కొద్దిపాటి కారణాలనే ఇస్తుంది. కంపెనీవి కాని డిస్కులు వేశారనడం వాటిలో లేదు. మీ సొంత కారు నష్టానికి వేసే క్లెయిము మాత్రం పాలసీ షరతుల మీద నడుస్తుంది. వాహనాన్ని సమర్థమైన స్థితిలో ఉంచాలన్న షరతు ప్రతి కారు పాలసీలోనూ ఉంటుంది, రేసులకూ వేగ పరీక్షలకూ కవరేజీ లేదన్న షరతూ ఉంటుంది. సర్వేయరు పగిలిన డిస్కును చూస్తే ఆ మొదటి షరతునే చూపిస్తాడు. సమాన కొలతల డిస్కు, జీఎస్టీ బిల్లు, మందం కొలిచి రాసిన మెకానిక్ చీటీ మీ దగ్గర ఉంటే ఆయనకు మాట్లాడే చోటు ఉండదు.

కొనేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది, మీరూ చేశారు. మీరు అమ్మినవారికి పంపిన వాట్సాప్ సందేశం చూశాను: ఫలానా బ్రాండు, ఫలానా పార్ట్ నంబరు, జత పంపండి అని ఉంది. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడితే, ఆ అవసరానికి సరుకు తగి ఉండాలన్న షరతు బేరంలో దానంతటదే చేరుతుంది. కానీ ఫలానా వ్యాపార నామం గల ఫలానా సరుకే కావాలని అడిగి కొంటే, ప్రత్యేక అవసరానికి తగి ఉండాలన్న షరతు చేరదు. ‘ఆయన అడిగిందే ఇచ్చాం’ అనే జవాబు అక్కడి నుంచి పుడుతుంది. ఈసారి మోడల్, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు రాసి, రోజువారీ రోడ్డు వాడకానికి దీనికి సరిపోయే ముందు డిస్కులు ఏవో మీరే చెప్పండని అడగండి. వాళ్లిచ్చే జవాబు రాతలో ఉండాలి. బిల్లు మీద తయారీదారు పేరు, పార్ట్ నంబరు పడాలి. ధర చూసి భయపడి బిల్లు లేకుండా కొనకండి.

పగిలిన డిస్కుల మీద మీ హక్కు మాత్రం పోలేదు. ప్రత్యేక అవసరానికి తగి ఉండాలన్న షరతు మీ విషయంలో బలహీనపడినా, సరుకులో తయారీ లోపం ఉండకూడదన్నది వేరే సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద లోపమున్న సరుకుకు డబ్బు వాపసు, మార్పిడి, నష్టపరిహారం కోరవచ్చు. వారంటీ లేదన్న మాట ఆ హక్కును తుడిచేయదు. అయితే నిరూపణ భారం మీది. సెక్షన్ 38 ప్రకారం పరీక్ష లేకుండా తేలని లోపమైతే, వినియోగదారుల కమిషనే ఆ వస్తువుకు సీలు వేసి ల్యాబుకు పంపుతుంది, ఖర్చు ముందుగా మీరు జమ చేయాలి. అందుకని ఆ రెండు డిస్కులనూ పాత ఇనుము వాడికి వేయకండి, లేత్ పట్టించకండి, తుప్పు కూడా గీకకండి. ప్యాడ్లతో సహా పొడి గుడ్డలో చుట్టి, విప్పిన తేదీ రాసి భద్రపరచండి. పగులును స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి.

అవతలి పక్షం రెండు వాదనలు తెస్తుంది. మొదటిది, హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) మీది తుప్పు శుభ్రం చేయకుండా బిగించడం వల్ల డిస్కు వంకరగా తిరిగి అదిరిందన్నది. దీనికి మీ మెకానిక్ అఫిడవిట్ కావాలి. ఆయన తప్పే ఉందని తేలవచ్చు కాబట్టి ఆయననూ ప్రతివాదిగా చేర్చడం మంచిది, మొహమాటపడకండి. రెండోది ట్రాక్ వాదన. దీన్ని దాచవద్దు. ట్రాక్‌కు వెళ్లిన రోజు రసీదు, డిస్కులు డెలివరీ అయిన తేదీ పక్కపక్కన పెడితే తేదీలే మాట్లాడతాయి. దాచి, తర్వాత మీ సోషల్ మీడియా ఫొటోతో దొరికిపోతే నిజమైన క్లెయిము కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. ఫలితం లేకపోతే లాయరు నోటీసు ఇచ్చి, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. అమ్మినవారు ఏ ఊరివారైనా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. వాట్సాప్ సందేశాల ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. గడువు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. పగులు బయటపడిన తేదీ నుంచి లెక్కించవచ్చని వాదించే వీలున్నా, డెలివరీ తేదీ నుంచే లెక్క వేసుకుని ఈలోగానే దాఖలు చేయండి.