ముద్దుల నిరసనా? ముద్దులతో నిరసనా?

సందేహం: లండన్‌లో 2011లో జరిగిన ఒక సంఘటన మీద వ్యాసం రాస్తున్నాను. సోహోలోని ఒక పబ్బులో ముద్దు పెట్టుకున్నారని ఇద్దరు మగవాళ్లను బయటికి పంపేశారు. రెండు రోజులకు వందల మంది అక్కడికే వెళ్లి ముద్దులు పెట్టుకుని నిరశన తెలిపారు. ఇంగ్లిషులో ‘కిస్-ఇన్’ అనే ఈ పద్ధతిని ‘ముద్దుల నిరశన’ అనవచ్చా? ‘చుంబన సమరం’ అని కూడా ఎక్కడో చదివాను. ‘హోమోఫోబియా’కు ‘స్వలింగ సంపర్క భయం’ సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ముందు అక్షరం సంగతి. ‘నిరశన’లో ఉన్నది అశనం, అంటే తిండి. నిరశన అంటే తిండి మానేయడం. మీకు కావలసింది ‘నిరసన’. నిరాహార దీక్షలు నిరసన కోసమే చేస్తారు కాబట్టి పత్రికల్లోనూ ఈ రెండూ కలగాపులగం అవుతున్నాయి. సోహోలో ఆ సాయంత్రం ఎవరూ పస్తున్నట్టు లేదు.

‘ముద్దుల నిరసన’లో వ్యాకరణ దోషం లేదు. చిక్కంతా అర్థంతోనే. ముద్దుల కొడుకు, ముద్దుల మనవరాలు అన్నప్పుడు ‘ముద్దుల’ అంటే గారాల, ఇష్టమైన అని కదా. ఆ అలవాటులో చదివేవారికి ఇదేదో ముచ్చటైన నిరసన అనిపిస్తుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘దురాచారాల నిరసన’ అంటే దురాచారాలను నిరసించడం. ఆ లెక్కన ‘ముద్దుల నిరసన’ అంటే ముద్దులను నిరసించడం అనే అర్థమూ వస్తుంది. ఆ జంటను పబ్బులోంచి పంపేసినవారికి సరిగ్గా సరిపోయే మాట అది! ‘తో’ ఒక్కటి చేర్చి ‘ముద్దులతో నిరసన’ అంటే రెండు ఇబ్బందులూ పోతాయి.

‘చుంబన సమరం’ మలయాళం నుంచి వచ్చింది. 2014 నవంబరు 2న కొచ్చి మెరైన్ డ్రైవ్‌లో జరిగిన నిరసనను అక్కడివాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. కోళికోడ్‌లో ఒక కెఫేను ధ్వంసం చేసిన నైతిక పోలీసుగిరీకి, అంటే నీతిని కాపాడతామంటూ చేసే దౌర్జన్యానికి, అది జవాబు. స్వలింగ ప్రేమికుల కోసమే మొదలైనది కాదు. ఆ నెలలోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కూడా దానికి మద్దతుగా కూడారు. మలయాళంలో సమరమంటే సమ్మె, ఆందోళన. బస్సులు ఆగినా సమరమే. తెలుగులో సమరం అంటే యుద్ధం. స్వాతంత్ర్య సమరం లేదా అంటారేమో. అది ఏళ్ల తరబడి సాగిన పోరాటం మొత్తానికి పెట్టిన పేరు, ఒక సాయంత్రపు కార్యక్రమానికి కాదు. ఎవరినీ వేలెత్తి కూడా తాకని నిరసనను యుద్ధం చేయడం నాకు నచ్చదు.

‘కిస్-ఇన్’లో చివరి ‘ఇన్’ ఎక్కడిదో తెలిస్తే వాక్యం ఎలా రాయాలో తెలుస్తుంది. అది ‘సిట్-ఇన్’ నుంచి వచ్చిన తోక. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్లకే వడ్డించే కౌంటరు దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. వడ్డించకపోయినా లేవలేదు. వద్దన్న పనిని వద్దన్న చోటే చేయడం దాని కీలకం. మనకు ‘బైఠాయింపు’ ఉంది కానీ అది కూర్చోవడం దగ్గరే ఆగిపోతుంది. అసలు పోలిక చూడాలంటే తెలంగాణ ఉద్యమంలోని వంటావార్పు చూడండి. ఇంట్లో రోజూ చేసే పనిని రోడ్డు మీదికి తెచ్చారు, అదే నిరసన అయింది. ఆ పేరులో ఆందోళన, ధర్నా లాంటి మాటే లేదు. అయినా ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. ముద్దుకు అలాంటి పేరు జనమే పెట్టాలి, పండితులు పెడితే నిలవదు.

కాబట్టి మొదటిసారి రాసేటప్పుడు చోటు తెలిసేలా రాయండి: ‘ఆ జంటను పంపేసిన పబ్బు ముందే ముద్దులు పెట్టుకుని నిరసన తెలిపారు’. ఆ సాయంత్రం పబ్బు తలుపులు మూసేశారు, ముద్దులు వీధిలోనే సాగాయి. కాబట్టి ‘ముందే’ అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. తరువాత ‘ముద్దులతో నిరసన’ అంటే చాలు. వార్తల్లో కనిపించే ‘ముద్దుల్లో మునిగితేలారు’, ‘రెచ్చిపోయారు’ మాత్రం వద్దు. 1972 జులై 1న లండన్ మొదటి ప్రైడ్ ఊరేగింపు, అంటే స్వలింగ ప్రేమికుల హక్కుల ఊరేగింపు, హైడ్ పార్కులో ముద్దులతోనే ముగిసింది. ఇద్దరు మగవాళ్లు నలుగురిలో ముద్దు పెట్టుకుంటే అప్పట్లో అక్కడ అరెస్టు చేసే వీలుండేది. 1976లో టొరంటోలో ఇద్దరిని అలాగే వీధిలో అరెస్టు చేశారు, ముద్దులతో నిరసన అక్కడా జరిగింది. అరెస్టుకు తెగించి చేసిన పనిని ‘రెచ్చిపోయారు’ అని రాస్తే తప్పు చేసింది వాళ్లే అన్నట్టు వినిపిస్తుంది.

ఇక ‘స్వలింగ సంపర్క భయం’. సంస్కృతంలో సంపర్కం అంటే కలయిక, సంబంధం. నేటి తెలుగులో ఆ మాట పడకగది దాటి బయటికి రావడం లేదు. అందుకే మనుషుల గురించి రాసేటప్పుడు ‘స్వలింగ ప్రేమికులు’ మేలు. ‘భయం’ కూడా కుదరదు. ఫోబియా అంటే గ్రీకులో భయమే, నిజమే. కానీ పబ్బులోంచి మనుషులను గెంటించేది భయమంటే పాఠకుడు నమ్మడు. సందర్భాన్ని బట్టి ‘స్వలింగ ప్రేమికుల పట్ల ద్వేషం’ అనో, ‘వివక్ష’ అనో రాయండి. మీ వ్యాసంలోని సంఘటనకు ‘వివక్ష’ సరిపోతుంది, ఎందుకంటే అక్కడ జరిగింది మనసులోని సంగతి కాదు, బయటికి పొమ్మనడం. ‘హోమోఫోబియా’ అని తెలుగు లిపిలోనే ఉంచుతానంటే నాకు అభ్యంతరం లేదు, మొదటిసారి అర్థం చెబితే చాలు.